కుక్కర్ కూతల మధ్య కథ

ప్రశ్న: ఉద్యోగం, పిల్లలు, వంట. కథ రాద్దామంటే గంట ఖాళీ దొరకడం లేదు. మానేయాల్సిందేనా?

జవాబు: మానకండమ్మా. తెలుగు కథ చాలావరకు ఉద్యోగస్తుల చేతుల్లోనే పెరిగింది. రావిశాస్త్రి విశాఖలో వకీలు. 'ఆరు సారా కథలు' ఆ కోర్టుల చుట్టూ తిరిగే బతుకుల్లోంచే వచ్చాయి. కాళీపట్నం రామారావు బడిపంతులుగా ఉంటూనే 'యజ్ఞం' రాశారు. అంటే మీ తీరికను తినేస్తున్న పనే మీకు సరుకు కూడా ఇస్తోంది. ముక్కలుగా రాస్తే ధార తెగుతుందంటారు; నిజమే, తెగుతుంది. అందుకే వాక్యాన్ని సగంలో ఆపి లేవండి. మర్నాడు కుక్కర్ మూడు కూతలు వేసేలోపు ఆ సగం పూర్తిచేస్తే, తర్వాతి వాక్యం దానంతటదే అందుతుంది. నవలకు ఇది చాలదు, సెలవు రోజులు కావాలి. ఆ రోజుల్లో వంట ఇంట్లోవాళ్లకు అప్పజెప్పండి. పగలు చెవినపడ్డ మాటలు మాత్రం ఆ పూటే, పాల లెక్కల కాగితం వెనకైనా సరే, రాసిపెట్టుకోండి.