వర్షావాసపు కడపటి దినము

పల్నాటి సీమలో వెల్దుర్తి, మాచర్ల ప్రాంతములకు చేరువగా కృష్ణానదిపై నాగార్జునసాగర జలాశయము కలదు. ఆ నీటి యడుగున ఒక ప్రాచీన పట్టణము మునిగియున్నది. దాని పేరు విజయపురి. క్రీస్తుశకము మూడవ, నాలుగవ శతాబ్దములలో అది ఇక్ష్వాకు రాజులకు రాజధాని. ఆనకట్టకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. లోయ మునుగుటకు ముందే పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరిపి, శిల్పములను, శాసనములను భద్రపరచిరి. కొన్ని కట్టడములను కొండమీదను, అనుపు వద్దను మరల నిలిపిరి. ఆ కొండయే నేడు నీటి నడుమ ద్వీపమైన నాగార్జునకొండ.

అచట దొరికిన శాసనములలో ఒకటి బోధిసిరి యను ఉపాసిక వేయించినది. వీరపురుషదత్త మహారాజు పరిపాలనలో పదునాలుగవ యేట ఆమె ఒక చైత్యగృహమును కట్టించి, సింహళదేశపు స్థవిరులకు సమర్పించెను. స్థవిరులనగా పెద్దలైన భిక్షువులు. కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, వనవాసి మున్నగు దేశముల వారికి ధర్మమును బోధించినవారని ఆ శాసనము వారిని కీర్తించుచున్నది. విజయపురిలో సింహళ విహారమను పేరుగల విహారమే యుండెను. అందు బోధివృక్షమునకు మందిరమును కట్టించినదియు బోధిసిరియే. సముద్రము దాటి వచ్చినవారికి పల్నాటి గడ్డ ఇట్లు ఆతిథ్య మిచ్చినది.

బౌద్ధ భిక్షువులు ఏడాదిలో ఎక్కువ కాలము సంచారము చేయుదురు. వానకాలమున మాత్రము సంచారము నిషిద్ధము. ఆ దినములలో నేలయంతయు పచ్చిక మొలచును; పురుగులు, చిరుప్రాణులు పుట్టును. నడచువారి కాళ్ల క్రింద అవి నలిగిపోవును. అందుచేత ఆషాఢ పూర్ణిమ మరునాటినుండి ఆశ్వయుజ పూర్ణిమవరకు మూడు నెలలు ఒకే చోట నివసింపవలెను. దీనికి వర్షావాసమని పేరు. రోగులను చూచుట వంటి ముఖ్యకార్యమున్నచో వెళ్లవచ్చును గాని, ఏడు దినములలో తిరిగి రావలెను. వేర్వేరు దేశములవారు, వేర్వేరు భాషలవారు మూడు నెలలు ఒకే కప్పు క్రింద కలిసి జీవించినప్పుడు స్నేహము పెరుగును, మనస్పర్థలును కలుగును. గడువు ముగిసిన పిమ్మట ఎవరి దారి వారిదే. మరల కలిసికొందురో లేదో ఎవ్వరు నెరుగరు. అట్టి కడపటి దినమును ఎట్లు గడపవలెను?

ఈ ప్రశ్నకు సమాధానముగా వినయపిటకమున ఒక కథ కలదు. కోసలదేశమున కొందరు భిక్షువులు కలిసి వర్షావాసము చేసిరి. వారందరు మిత్రులే. కలహములు రాకుండుటకు వారొక ఉపాయము పన్నిరి. మూడు నెలలు ఎవ్వరును ఎవ్వరితోను మాటలాడరాదు. భిక్షనుండి ముందు వచ్చినవాడు పీటలు వేయును; చివర వచ్చినవాడు ఎత్తిపెట్టి ఊడ్చును. నీటికుండ ఖాళీయైనచో చూచినవాడు నింపును. ఒక్కనికి అలవి కానిచో చేసైగతో మరియొకని పిలుచును. ఇట్లు గడిపి, వారు శ్రావస్తికి పోయి బుద్ధుని దర్శించిరి. కలహము లేక సుఖముగా నుంటిమని సంతోషముతో విన్నవించిరి. బుద్ధుడు వారిని మెచ్చుకొనలేదు. మాటలేక మందలో పశువులవలె బ్రదికి, దానిని సుఖమనుకొనుట తగదని మందలించెను. అప్పుడే వర్షావాసాంతమున ప్రవారణ మను కార్యమును నియమించెను. ప్రవారణమనగా తన తప్పులు చెప్పుమని తోడివారిని వేడుకొనుట.

ఆ దినమున భిక్షువులందరు ఒకచోట చేరుదురు. మొదట అందరికంటె పెద్దవాడైన స్థవిరుడు లేచును. ఉత్తరీయమును ఒక భుజముపై వేసికొని, గొంతుకూర్చుండి, చేతులు జోడించును. తనయందు ఏ దోషమునైనను కన్నను, విన్నను, శంకించినను దయతో తెలుపుడని, తెలిసికొని దిద్దుకొందునని ముమ్మారు ప్రార్థించును. పిమ్మట దీక్ష పొందిన క్రమమున తక్కినవారు అట్లే చేయుదురు. తలనెరసిన గురువు నిన్న మొన్న చేరిన శిష్యులయెదుట చేతులు జోడించుట ఇందలి విశేషము.

తప్పు చెప్పువానికిని నియమములు కలవు. ముందు ఎదుటివాని అనుమతి పొందవలెను. తగిన కాలమున చెప్పవలెను; నిజమునే చెప్పవలెను; మృదువుగా చెప్పవలెను; మేలు కలుగునట్లు చెప్పవలెను; మనస్సున మైత్రి నుంచుకొని చెప్పవలెను. వినువాడు రెండింటిని పాటింపవలెను: సత్యమును వీడరాదు, కోపింపరాదు. ఈ కట్టుబాట్లు లేనిచో వేడికోలు కలహమునకు దారితీయును.

ఆ దినము విచారముతో గడచునది కాదు. ఏడవ శతాబ్దమున చీనానుండి వచ్చిన ఇత్సింగ్ అను యాత్రికుడు భారతదేశమున ఈ ఉత్సవమును చూచి వర్ణించెను. ముందురాత్రి దీపములు వెలిగించి, ధూపము, పూవులు సమర్పించి, ధర్మగ్రంథమును పఠింతురు. మరునాటి యుదయమున ప్రతిమలను ఊరేగింతురు, వాద్యములు మ్రోగును. మధ్యాహ్నము గడచిన పిమ్మట భిక్షువులు సమావేశమై ప్రవారణము జరుపుదురు. వేడుకయు ఉండెను, సత్యమునకు చోటును ఉండెను.

ఈ వినయమే ఆంధ్రదేశమున మరియొక స్నేహమును పండించినది. ఏడవ శతాబ్దముననే హుయాన్‌త్సాంగ్ ధాన్యకటకమునకు వచ్చెను. నేటి అమరావతి ప్రాంతమే ధాన్యకటకము. అచట సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువులు ఆయనకు మిత్రులైరి. ఆయన కొన్ని నెలలుండి, వారివద్ద మహాసాంఘికుల అభిధర్మమును నేర్చుకొనెను. వారు ఆయనవద్ద మహాయాన శాస్త్రములను చదివిరి. చీనా యాత్రికుడు శిష్యుడైనాడు, గురువును అయినాడు. పిమ్మట ముగ్గురును కలిసి పుణ్యక్షేత్ర దర్శనమునకు బయలుదేరిరి. తనకు తెలియనిది కలదని ఒప్పుకొనుటకు వారిలో ఎవ్వరును సిగ్గుపడలేదు.

నేడు పల్నాటి పల్లెలనుండియు చదువులకై, బంధుమిత్రులను చూచుటకై దూరదేశములకు పోవువారు కలరు. సెలవులు ముగియు నాడు కానుకలు కొనుటయు, ఛాయాచిత్రములు తీసికొనుటయు, విందులు చేసికొనుటయు సహజమే. ఐనను, మిత్రుడు మనసులో దాచుకొన్న చిన్న నొప్పి అతనితోనే యుండిపోయినచో, ప్రయాణపు దూరముకంటె ఆ దూరమే ఎక్కువగును. పెట్టె సర్దుకొనుటకు ముందు కొంత సేపు మిత్రుని ప్రక్కన కూర్చుండి, తనవలన అతనికి కలిగిన కష్టమేమని అడిగి, శాంతముగా విన్నవాడు తేలికపడిన మనస్సుతో ఇల్లు చేరును. అతనికి మరల ఆ గుమ్మమున స్వాగతము లభించును.