కన్వర్టర్ పగలగొట్టే ముందు

పాత కార్లు విప్పే షెడ్లలో సైలెన్సర్ దారిలోని కన్వర్టర్‌కి ఇప్పుడు మంచి గిరాకీ. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయన్న సంగతి మెకానిక్ దగ్గర పనిచేసే కుర్రాడికి కూడా తెలుసు. ఆ మూడూ కలిపి కారుకు కొద్ది గ్రాములే. వాటి కోసం కొందరు కన్వర్టర్‌ని కోస్తున్నారు, పగలగొడుతున్నారు, యాసిడ్‌లో కరిగిస్తున్నారు. ఆ చేతుల కోసమే ఈ నాలుగు మాటలు.

స్టీలు డబ్బా కోస్తే ముందు దూదిలాంటి పొర కనిపిస్తుంది. అది సిరామిక్ పీచు. దాని లోపల సన్నటి చదరపు రంధ్రాలు నిండిన పింగాణీ దిమ్మ. ఆ రంధ్రాల గోడలకు అల్యూమినా పూత, ఆ పూతలో కంటికి కనపడనంత చిన్న ప్లాటినం రేణువులు. సుత్తి దెబ్బకు దిమ్మ పిండిలా రాలుతుంది. ఆ పిండిని, ఆ పీచును రోజూ పీల్చడం ఊపిరితిత్తులకు చేటు. రుమాలు కట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు కావాలి. అంతకన్నా మంచిది అసలు పగలగొట్టకపోవడమే. డబ్బా కోయకుండా, దిమ్మ కదలకుండా, కొనేవాళ్లకు అలాగే అమ్మండి. పొడి చేసి అమ్మితే పది రూపాయలు ఎక్కువొస్తాయని యజమాని అన్నా, ఆ దుమ్ము పీల్చేది మీరు.

ప్లాటినం లోహంగా ఉన్నంతకాలం మహా నెమ్మదస్తురాలు. ఉంగరాలు చేస్తాం, గుండెకు పెట్టే పేస్‌మేకర్ తీగల చివర వాడతాం. యాసిడ్‌లో కరిగి క్లోరిన్‌తో కలిసిందా, గుణం పూర్తిగా మారిపోతుంది. ఆ లవణాలు మనిషికి ఎలర్జీ, ఉబ్బసం తెస్తాయి. 1945లో హంటర్, మిల్టన్, పెర్రీ అనే వైద్య పరిశోధకులు బ్రిటన్‌లో ప్లాటినం శుద్ధి చేసే కార్మికులను పరీక్షిస్తే సగానికి పైగా మందిలో ఈ బాధలు కనిపించాయి. అమెరికాలో పనిచోటి గాలిలో ఈ లవణాలకు పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 2 మైక్రోగ్రాములు. లోహపు దుమ్ముకు అక్కడి నిపుణుల సంస్థ సూచించిన హద్దు 1 మిల్లీగ్రాము, అంటే 500 రెట్లు ఎక్కువ. ప్రమాదం ఎక్కడుందో ఈ రెండంకెలే చెబుతాయి.

అందుకే వీడియోలు చూసి షెడ్డు వెనక బకెట్‌లో ద్రవరాజం కలిపే పని ఎవరు చెప్పినా చేయకండి. అందులో హైడ్రోక్లోరిక్, నైట్రిక్ యాసిడ్లు కలిసినప్పుడు లేచే గోధుమరంగు పొగను ఎన్95 మాస్కు ఆపలేదు. ఆ పొగ పీల్చాక కాస్త దగ్గి తేరుకున్నట్టే ఉంటుంది. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి అర్ధరాత్రి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. బాగానే ఉంది కదా అని ఇంటికి పోయి పడుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఏ పొగ పీల్చారో చెప్పండి. మిగిలిన యాసిడ్ నీళ్లు కాలువలో పోస్తే, ఆ విషం వీధి వీధంతటికీ చేరుతుంది.

ప్లాటినం లవణాలతో ఉత్ప్రేరకాలు తయారుచేసే ఫ్యాక్టరీలలో, సిస్ప్లాటిన్ లాంటి క్యాన్సర్ మందులు తయారుచేసే యూనిట్లలో పనిచేసేవాళ్లు తమ ఒంటిని కనిపెట్టుకుని ఉండాలి. ముక్కు దురద, ఆగని తుమ్ములు, కళ్ల నీళ్లు, చర్మం మీద దద్దుర్లు, ఛాతీ పట్టేసినట్టుండి పిల్లికూతలు. డ్యూటీలో ఉన్నప్పుడు గానీ ఆ రాత్రికి గానీ పెరిగి, సెలవు రోజు తగ్గి, మళ్లీ పనిలోకి దిగగానే తిరగబెడితే దాన్ని జలుబని కొట్టిపారేయకండి. ఒకసారి ఒంటికి ఈ ఎలర్జీ పట్టుకుంటే తర్వాత రవ్వంత చాలు. అప్పుడు మాత్ర వేసుకుని అదే చోట నెట్టుకురావడం మందు కాదు, ఆ పని నుంచి మారడమే మందు. ఆలస్యమైతే మారినా ఉబ్బసం వదలకపోవచ్చు. సిగరెట్ తాగేవాళ్లకు ఈ ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ. పని బట్టలు ఇంటికి తేవద్దు. డాక్టరుతో "ఫ్యాక్టరీలో పని" అని ఊరుకోకుండా, ఏ రసాయనం ముట్టుకుంటారో పేరు చెప్పండి. ఈఎస్ఐ ఉన్నవాళ్లు అక్కడే చూపించుకుని, పని వివరం చీటీలో రాయించుకోండి. వృత్తి వల్ల వచ్చిన జబ్బులకు పరిహారం అడిగే హక్కు చట్టంలో ఉంది.

ఇక రోడ్డు సంగతి. కన్వర్టర్ల నుంచి సూక్ష్మరేణువులు పొగతో బయటికొస్తాయి. యూరప్ నగరాల రోడ్డు దుమ్ములోనే కాదు, గ్రీన్‌లాండ్ మంచులోనూ ప్లాటినం పెరిగినట్టు పరిశోధకులు చూపారు. అయితే అది అతి స్వల్పం, ఎక్కువ భాగం లోహరూపమే. ట్రాఫిక్ పోలీసులు, రోడ్లు ఊడ్చేవాళ్లు ప్లాటినం కన్నా ముందు డీజిల్ పొగకు, బ్రేకుల దుమ్ముకు భయపడాలని నా అభిప్రాయం. ఊడ్చే ముందు నీళ్లు చల్లితే అన్ని దుమ్ములూ అణుగుతాయి.

మెకానిక్ అన్నలకు ఒక మనవి. బండి మిస్ కొడుతోందంటే ప్లగ్గో, కాయిలో వెంటనే చూడండి. మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ అంటుకుంటే లోపలి దిమ్మ కరిగి పాడవుతుంది. పికప్ కోసమని దిమ్మ తీసి ఉత్త డబ్బా బిగించమని కస్టమర్ అడిగితే కుదరదని చెప్పండి. దిమ్మ లేకపోతే బయటికొచ్చే కార్బన్ మోనాక్సైడ్ ముందుగా పీల్చేది గ్యారేజీలో ఉన్న మీరూ, మీ దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలూ.