రెండంకెల సంవత్సరము

మన పెద్దలు సంవత్సరమునకు పేరు మాత్రమే చెప్పి యూరకుండుట కద్దు. ‘ప్రభవలో పుట్టినాడు’ అన్నచో 1927వ సంవత్సరమా, 1987వ సంవత్సరమా? అఱువది యేండ్లకొకమారు ఆ పేరే మరల వచ్చును. మనిషి యెదుట నున్నచో సందేహము లేదు. కాగితము మాత్రమే యున్నచో చిక్కే. కావుననే శాసనములు చెక్కించినవారనేకులు సంవత్సర నామముతో శకవర్షమును గూడ చేర్చిరి. కంప్యూటరులో 27 అని వ్రాయుటయు నిట్టిదే. అది నూఱేండ్లకొకమారు తిరిగివచ్చు పేరు.

వర్డు ప్రాసెసరు తేదీ విషయమున రెండు పనులు చేయును. వీనిని వేఱుచేసి చూడవలెను. మొదటిది చూపుట. మైక్రోసాఫ్టు వర్డులో తేదీ ఫీల్డునకు ‘వై’ యను అక్షరమును రెండుమార్లు వ్రాసినచో 09 అనియు, నాలుగుమార్లు వ్రాసినచో 2009 అనియు కనబడును. లోపల తేదీ పూర్తిగానే యుండును గనుక దీనివలన హాని లేదు.

రెండవది చదువుట. చిక్కంతయు నిచ్చటనే. విద్యార్థుల పట్టీనుండి జన్మతేదీలను ఉత్తరములలోనికి తెచ్చుకొనునప్పుడు రెండంకెలే వచ్చినచో, శతాబ్దమును యంత్రమే చేర్చవలెను. అది ఆలోచించి చేర్చునని కొందఱనుకొందురు. కాదు, ముందుగా గీచిన గీటును చూచి చేర్చును. విండోసులో చిరకాలము వాడుకలో నున్న నియమము ప్రకారము 00 మొదలు 29 వరకు 2000–2029గాను, 30 మొదలు 99 వరకు 1930–1999గాను ఎంచబడును. ప్రక్కప్రక్కనున్న 29కిని 30కిని నడుమ తొంబదితొమ్మిదేండ్లు! 1931లో జన్మించిన అవ్వకు కీడు లేదు. 1928లో జన్మించిన తాత మాత్రము 2028లో పుట్టినవాడగును. ఫించను కాగితముమీద నిది నవ్వులాట కాదు.

ఈ గీటు అన్నిచోట్ల నొక్కటి కాదు. యూనిక్సు మార్గమున నడచు యంత్రములలో 69 మొదలు 99 వరకే గత శతాబ్దము; 00 మొదలు 68 వరకు ఈ శతాబ్దము. కాబట్టి 15-8-47 అని వ్రాసిన మన స్వాతంత్ర్యదినము ఒకచోట 1947, మఱియొకచోట 2047. విండోసులో కంట్రోలు ప్యానెలునందు ఈ గీటును జరుపుకొనవచ్చును గాని, ఆ మార్పు ఆ యంత్రమునకే చెందును. పట్టీ వేఱొక కార్యాలయమునకు పోయినచో అచ్చటి గీటే దానికి వర్తించును.

తప్పు చదువబడిన పిమ్మట ఫీల్డులో ‘వై’ అక్షరమును నాలుగుమార్లు వ్రాసినంతమాత్రమున 2028 మరల 1928 కానేరదు. తప్పు నాలుగంకెలతో స్పష్టముగా కనబడును, అంతియే. దిద్దవలసినది మూలపు పట్టీని. అందు నాలుగంకెలు వేయవలెను.