పరంజాపై నుండి పడిన కార్మికుడు – చట్టం కల్పించిన మార్గాలు

మన యాలాల్, తాండూరు ప్రాంతం పేరు చెప్పగానే ఎవరికైనను మొదట జ్ఞాపకం వచ్చునది నాపరాయి. తాండూరు బండలు పరచిన ఇండ్లు దూరప్రాంతాలలో సైతం కనబడును. అయితే ఆ ఇండ్లను కట్టిన చేతులను గూర్చి ఆలోచించువారు అరుదు. మన గ్రామాలలోని తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనివారు, ఇటుక మోయు కూలీలు ప్రతి ఉదయం వెదురు బొంగులతోనో, ఇనుప పైపులతోనో కట్టిన పరంజా నెక్కి పని చేయుచుందురు. బల్ల జారినను, తాడు తెగినను ఆ కుటుంబం మొత్తం నేల కూలును. అట్టి సమయంలో ఆ కుటుంబానికి చట్టం ఏమి ఇచ్చునో, దానిని ఎట్లు పొందవలెనో తెలుపుటయే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

చట్టం వెనుకనున్న సూత్రం

పూర్వం గాయపడిన పనివాడు యజమాని నిర్లక్ష్యాన్ని కోర్టులో ఋజువు చేయనిదే పైసా కూడ లభించెడిది కాదు. ఇంగ్లండులో 1897లో వచ్చిన చట్టం ఈ పద్ధతిని మార్చినది. మన దేశంలో 1923లో కార్మిక నష్టపరిహార చట్టం చేయబడి, 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని సూత్రం సులభమైనది. పని కారణంగా, పని చేయుచున్న సమయంలో ప్రమాదం జరిగినచో యజమాని పరిహారం చెల్లించవలెను. తప్పు ఎవరిదన్న ప్రశ్న ఇచ్చట ప్రధానం కాదు.

"వాడే జాగ్రత్తగా ఉండలేదు" అన్న మాట మనం తరచుగా వినుచుందుము. ఆ మాట మాత్రమే పరిహారాన్ని ఆపజాలదు. త్రాగిన మత్తు వలన గాని, భద్రతా నియమాన్ని బుద్ధిపూర్వకంగా ఉల్లంఘించుట వలన గాని గాయం కలిగినచో యజమాని అభ్యంతరం చెప్పవచ్చును. మరణం లేక శాశ్వత సంపూర్ణ అశక్తత సంభవించినప్పుడు ఆ అభ్యంతరం కూడ చెల్లదు. నిజానికి పరంజా ప్రమాదాలకు మూలం పలుమార్లు పనివాని చేతిలో ఉండదు. 1978 ఏప్రిల్ 27న అమెరికాలోని విల్లో ఐలండ్ వద్ద విద్యుత్ కేంద్రపు శీతలీకరణ గోపురం కట్టుచుండగా పరంజా కూలి 51 మంది మరణించిరి. ముందురోజు పోసిన కాంక్రీటు తగినంత గట్టిపడక పూర్వమే దానిపై పరంజా భారం మోపబడినది. పైన నిలిచిన పనివానికి ఆ సంగతి ఎట్లు తెలియును?

జయపురం వడ్రంగి కథ

ఈ విషయంలో ప్రతి విద్యార్థి తెలిసికొనదగిన తీర్పు ఒకటి కలదు. ఒరిస్సాలోని కోరాపుట్ జిల్లా జయపురం 1936 వరకు మద్రాసు రాష్ట్రపు విశాఖపట్టణం జిల్లాలో ఉండెడిది. అచ్చట ఒక సినిమా హాలులో అలంకరణ పని చేయుచున్న వడ్రంగి 1968 జూలై 6న క్రింద పడి ఎడమ చేయి కోల్పోయెను. స్వయంగా వెళ్ళి అడిగినను యజమాని పట్టించుకొనలేదు. పైగా అతడు పనివాడు కాడు, గుత్తేదారు అనియు, ప్రమాదం అతని నిర్లక్ష్యం వల్లనే జరిగినదనియు వాదించెను. కమీషనరు 9,800 రూపాయల పరిహారం, దానిపై వడ్డీ, జరిమానా విధించెను. వ్యవహారం సుప్రీం కోర్టు వరకు వెళ్ళినది.

ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసుగా ప్రసిద్ధి చెందిన ఆ వ్యాజ్యంలో 1975 డిసెంబరు 4న తీర్పు వెలువడినది. అందులో రెండు అంశాలు ముఖ్యమైనవి. ఒక చేతితో వడ్రంగం సాధ్యం కాదు గనుక, ఒక చేయి మాత్రమే పోయినను అది సంపూర్ణ అశక్తతయే అనునది మొదటిది. పరిహారం చెల్లించవలసిన బాధ్యత కమీషనరు ఉత్తరువు నాడు కాక, గాయం తగిలిన నాడే పుట్టును అనునది రెండవది. అనగా హక్కు ఎవరి దయ చేతనో లభించునది కాదు. పడిన క్షణముననే అది పనివానిదగును.

నేటి చట్టం

1923 నాటి చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా కోడ్, 2020 అమలులోనికి వచ్చినది. కమీషనరుకు బదులు సాధికార అధికారి అను పేరు వచ్చినది గాని, పై సూత్రాలు అట్లే నిలిచినవి. ఒకటి కంటె ఎక్కువ అంతస్తులు గల, లేక 12 అడుగులు గాని అంతకు మించి గాని ఎత్తు గల కట్టడపు పనులు దీని పరిధిలోనికి వచ్చును. నిర్మాణమే వ్యాపారంగా గల సంస్థ పనిని గుత్తకు ఇచ్చినప్పటికిని, గుత్తేదారు కూలీకి ఆ సంస్థయే బాధ్యత వహించవలసి యుండును. తరువాత ఆ సొమ్మును అది గుత్తేదారు నుండి రాబట్టుకొనవచ్చును. సొంత నివాసం కట్టించుకొను గృహస్థు విషయంలో మాత్రం సాధారణంగా గుత్తేదారుడే బాధ్యుడు.

ఒక ఉదాహరణతో లెక్క చూతము. నెలకు 12,000 రూపాయలు సంపాదించు 30 సంవత్సరాల మేస్త్రీ పరంజాపై నుండి పడెననుకొందము. ఆ వయస్సుకు నిర్ణయింపబడిన గుణకం 207.98.

1. మరణించినచో వేతనంలో సగమైన 6,000ను గుణకంతో హెచ్చించగా 12,47,880 రూపాయలు.
2. శాశ్వతంగా ఏ పనియు చేయలేని స్థితి కలిగినచో వేతనంలో 60 శాతమైన 7,200ను హెచ్చించగా 14,97,456 రూపాయలు.
3. బొటనవ్రేలు పోయినచో దానికి నిర్ణయించిన అశక్తత 30 శాతం. పై మొత్తంలో అంత భాగం, సుమారు 4,49,237 రూపాయలు. పట్టికలో లేని గాయాలకు ఎంత సంపాదనా శక్తి పోయినదో వైద్యుడు నిర్ణయించును.
4. తాత్కాలికంగా పని చేయలేకపోయినచో ప్రతి పక్షానికి వేతనంలో 25 శాతం, అనగా 3,000 రూపాయలు.

వైద్యపు ఖర్చు దీనికి అదనం. నెల లోపల చెల్లించని యజమానిపై వడ్డీయే గాక, పరిహారంలో 50 శాతం వరకు అదనపు మొత్తం కూడ విధింపబడవచ్చును.

క్లెయిమును ప్రమాదం జరిగిన రెండు సంవత్సరాల లోపల దాఖలు చేయవలెను. మన ప్రాంతం వారికి ముఖ్యమైన విషయం మరొకటి కలదు. ప్రమాదం హైదరాబాదులో జరిగినను, గాయపడినవాడు తాను నివసించు ప్రాంతపు అధికారి వద్దనే దరఖాస్తు చేసికొనవచ్చును. పట్టణానికి పదే పదే తిరుగవలసిన పని లేదు.

ఇతర మార్గాలు

ఇ.ఎస్.ఐ. వర్తించు పనివారికి యజమాని పరిహారానికి బదులు ఆ పథకం ద్వారానే సహాయం లభించును. 18 నుండి 60 సంవత్సరాల లోపు వయస్సు కలిగి, గత 12 నెలలలో 90 రోజులు నిర్మాణపు పని చేసినవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో సభ్యులుగా చేరవచ్చును. కట్టడపు వ్యయంపై వసూలగు సెస్సుతో నడచు ఆ మండలి ఇచ్చు సహాయం వేరు, యజమాని చెల్లించు పరిహారం వేరు. కాని ప్రమాదం జరుగక పూర్వమే నమోదు కావలెను.

యజమాని నిర్లక్ష్యాన్ని ఋజువు చేయగలిగినచో సివిల్ కోర్టులో దావా వేయవచ్చును. అయితే సాధికార అధికారి వద్ద క్లెయిము వేసిన పిమ్మట అదే గాయానికి సివిల్ దావా చెల్లదు. కనుక న్యాయవాదిని సంప్రదించి ఒక మార్గం ఎన్నుకొనవలెను. కట్టడపు పనిలో నిర్లక్ష్యం 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షను క్రింద నేరం. నిర్లక్ష్యం వల్ల మరణం కలిగినచో 106వ సెక్షను వర్తించును. ఫీజు చెల్లించలేనివారికి 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం క్రింద ఉచితంగా న్యాయవాది లభించును. స్త్రీలు, షెడ్యూల్డు కులాల, తెగల వారు, పారిశ్రామిక కార్మికులు, అల్పాదాయం గలవారు ఇందుకు అర్హులు.

విద్యార్థులు చేయదగినది

ఇంత రక్షణ ఉండియు కుటుంబాలు నష్టపోవుటకు ముఖ్య కారణం ఋజువులు లేకపోవుట. అడ్డా మీద నుండి వెళ్ళిన కూలీకి నియామక పత్రం ఉండదు. కావున మొదటి రెండు మూడు దినాలలోనే ఈ పనులు జరుగవలెను: పడిన స్థలం, పరంజా ఫోటోలు తీయుట, వెంట పని చేసినవారి పేర్లు, చిరునామాలు వ్రాసికొనుట, "పని స్థలంలో పరంజాపై నుండి పడుట" అని ఆసుపత్రి చీటీలో స్పష్టంగా నమోదు చేయించుట, పోలీసు ఠాణాలో ఫిర్యాదు ఇచ్చుట, యజమానికి వ్రాతపూర్వకంగా తెలుపుట, కూలి ముట్టిన లెక్కలు, ఫోను ద్వారా వచ్చిన చెల్లింపులు భద్రపరచుట.

మరొక హెచ్చరిక. చదువకుండ ఏ కాగితంపైనను వ్రేలిముద్ర వేయరాదు. కొద్ది సొమ్ము పుచ్చుకొని హక్కు వదలుకొన్నట్లు వ్రాసిన ఒప్పందం చట్టరీత్యా చెల్లదు. మరణం సంభవించినప్పుడు పరిహారాన్ని అధికారి వద్ద జమ చేయవలెనే గాని, నేరుగా కుటుంబం చేతికిచ్చినది పరిహారంగా పరిగణింపబడదు.

మిత్రులారా! మనలో అనేకుల తండ్రులు, అన్నలు, మామలు ఈ పనిలోనివారే. వారికి వెంటనే న్యాయవాది దొరకకపోవచ్చును; తెలుగు గాని, ఉర్దూ గాని చదువ వ్రాయనేర్చిన పిల్లవాడు మాత్రం ప్రతి ఇంట ఉన్నాడు. పడిన నాడే పుట్టిన హక్కు రెండు సంవత్సరాల మౌనంతో నశింపవచ్చును. ఒక్క దరఖాస్తు సకాలంలో వ్రాసి ఇచ్చిన విద్యార్థి ఆ ఇంటిని నిలబెట్టినవాడగును. మన చదువునకు అంతకు మించిన సార్థకత మరేమి కలదు?