జొన్న గట్టున బొబ్బర్లు, ధనియాలు

యాసంగి జొన్న, మొక్కజొన్న వేసే రైతులు విత్తనం, ఎరువు సమకూర్చుకునేటప్పుడే ఎకరానికి అర కిలో బొబ్బర్లు, పావు కిలో ధనియాలు కూడా పక్కన పెట్టుకోండి. ఇవి అమ్ముకోవడానికి కాదు, అక్షింతల పురుగుల మేత కోసం.

చలి ముదిరి, మబ్బు పట్టిన రోజుల్లో పేనుబంక జొన్న ఆకుల అడుగున, మొక్కజొన్న సుడిలో, జల్లు మీద గుంపులు కడుతుంది. రసం పీల్చి తేనె లాంటి జిగురు వదులుతుంది. దాని మీద మసి పట్టి ఆకు నల్లబడుతుంది, చొప్ప పశువులకు పనికిరాకుండా పోతుంది. అక్షింతల పురుగు దీన్ని ఇష్టంగా తింటుంది. కాకపోతే పేనుబంక బాగా పెరిగాక గానీ తనంతట తాను చేలోకి రాదు. అప్పటికి రైతు స్ప్రేయర్ భుజానికెత్తుకుని ఉంటాడు.

పురుగును ముందే రప్పించాలంటే పేనుబంక లేని రోజుల్లోనూ దానికి తిండి దొరకాలి. పూల తేనె, పుప్పొడి ఆ లోటు తీరుస్తాయి. ధనియాల పువ్వు చిన్నది, తేనె పైకే ఉంటుంది, పొట్టి నోటి పురుగులకు సులువుగా అందుతుంది. ఆవాలూ మంచివే. ముద్దబంతి చూడ్డానికి బాగుంటుంది గానీ రేకుల గుబురులో తేనె అందదు, రెక్క బంతి వేసుకోండి. పొద్దుతిరుగుడు వేయమని కొందరు చెబుతారు. జొన్న పక్కన నేనైతే వద్దంటాను, చిలకలను పిలిచి మరీ పెట్టినట్టవుతుంది.

తేనె తాగి పురుగు బతుకుతుంది గానీ, గుడ్లు బాగా పెట్టాలంటే దానికి పేనుబంకే కావాలి. బొబ్బర్ల విలువ ఇక్కడే తెలుస్తుంది. బొబ్బర్ల పూకాడ మీద మొగ్గల మధ్య ఉండే గ్రంథుల నుంచి తేనె ఊరుతుంది. పైగా లేత కొమ్మలకు నల్ల పేనుబంక పడుతుంది. అది జొన్న, మొక్కజొన్నల జోలికి రాదు. దాన్ని తిని అక్షింతల పురుగులు గట్టు మీదే సంతానం పెంచుకుని, ఆ తర్వాత చేలోకి దిగుతాయి. కాబట్టి బొబ్బర్ల మీద నల్ల పేను కనిపించిందని మందు కొట్టకండి. అయితే పక్క చేలో వేరుశనగ ఉంటే బొబ్బర్లు మానండి, ఆ నల్ల పేనే దానికీ పడుతుంది. ధనియాలు, ఆవాలతో సరిపెట్టుకోండి.

పైరుతో పాటే గట్టు వెంట రెండు సాళ్లు వేయండి. ధనియాలను నలిపి బద్దలు చేసి చల్లితేనే మొలక బాగా వస్తుంది. సగం విత్తనం ఇప్పుడు, మిగతా సగం పదిహేను రోజులకు వేస్తే పూత ఎక్కువ కాలం నిలుస్తుంది. తీగ సాగని, గుబురుగా పెరిగే బొబ్బర్ల రకం ఎంచుకోండి. గట్ల మీద పూల మొక్కలు వేసే పద్ధతిని రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ కూడా ప్రోత్సహిస్తోంది.

వారానికోసారి ఆకు తిప్పి చూడండి. నిలబెట్టినట్టు గుంపుగా ఉండే పసుపు గుడ్లు అక్షింతల పురుగువే. నల్లటి ఒంటి మీద పసుపు, నారింజ మచ్చలతో, మొసలి ఆకారంలో చురుగ్గా తిరిగేది దాని పిల్ల. చాలామంది దీన్నే కొత్త తెగులు పురుగు అనుకుని చంపుతారు. ఒక్కో పిల్ల పెద్దదయ్యేలోపు వందల పేనుబంకను తింటుంది. వంగ, కాకర ఆకులను జల్లెడ చేసే అక్షింతల పురుగు వేరే జాతి. అది మెరుపు లేకుండా, సన్నటి నూగుతో ఉంటుంది, మెరిసే రెక్కలది మన మిత్రుడు.

ఆకుకు రెండు మూడు పిల్లలు కనిపిస్తుంటే మందు ఆపండి. డైమిథోయేట్ లాంటివి పేనుతో పాటు వీటినీ చంపుతాయి, పేను మాత్రం త్వరగా మళ్లీ పుంజుకుంటుంది. తప్పనిసరైతే పేను పట్టిన మొక్కల వరకే వేప మందు కొట్టండి, గట్టు సాళ్లను ముట్టుకోకండి.

కాండం తొలిచే పురుగుకు, మొక్కజొన్న కత్తెర పురుగుకు ఈ పద్ధతిని నమ్ముకుని కూర్చోవద్దు. వాటి జాగ్రత్తలు విడిగా తీసుకోవాల్సిందే.