పాత కారు - కొత్త బ్రేకు

అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇంగ్లండు వారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాతో పుట్టిన ఈ బండిని మన దేశంలో ఇప్పటికీ ముచ్చటపడి నడిపేవారున్నారు. బ్రేకు సామాను అరిగితే బయటి తయారీలను వెతుక్కోక తప్పదు. "బోల్టులు సరిపోయాయి, పెడల్ గట్టిగా ఉంది, ఇంకేం కావాలి?" అంటారు చాలామంది. ఈ మాట ఎంత ప్రమాదమో తెలుసుకోవడానికి పాస్కల్ సూత్రం ఒక్కటి చాలు.

మూసివున్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులా సమానంగా వ్యాపిస్తుంది. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. ఉదాహరణకు, 3/4 అంగుళాల మాస్టర్ సిలిండర్ ఉన్నచోట 7/8 అంగుళాలది బిగించామనుకోండి. తేడా అంగుళంలో ఎనిమిదో వంతే! కాని పిస్టన్ వైశాల్యం 36కు 49 పాళ్ళు అవుతుంది. పిస్టన్‌పై 60 కిలోల బలం పడితే మొదటి దానిలో చదరపు సెంటీమీటరుకు సుమారు 21 కిలోల పీడనం పుడుతుంది. రెండవ దానిలో పదిహేనున్నర మాత్రమే. అంటే నాలుగో వంతుకు పైగా నష్టం.

ఇక్కడే ఉంది తిరకాసు. పెద్ద పిస్టన్ కొద్దిగా కదిలినా ఎక్కువ ఆయిల్‌ను తోస్తుంది. అందుకని పెడల్ పైనే గట్టిగా నిలుస్తుంది. కాలికి "బ్రేకు బాగుంది" అనిపిస్తుంది. చక్రానికి మాత్రం పట్టు తగ్గింది!

తొలినాటి అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ముందు చక్రాలకు డిస్కులు వేయించే వారు మరో సంగతి గమనించాలి. డ్రమ్ములో ఒక షూ, తిరిగే డ్రమ్ముతో పాటు లాగబడి తనంతట తానే మరింత ఒత్తుకుంటుంది. డిస్కుకు ఆ సాయం లేదు. ఎక్కువ పీడనం కావాలి. అది చూసుకోకపోతే ముందు చక్రాలు పట్టకముందే వెనుక చక్రాలు బిగుసుకుపోయి, బండి అడ్డం తిరుగుతుంది. పైగా డ్రమ్ముల కోసం చేసిన చాలా మాస్టర్ సిలిండర్లలో, లైనులో కొంత పీడనాన్ని నిలిపివుంచే వాల్వు ఉంటుంది. దాన్నే డిస్కులకు కలిపితే ప్యాడ్లు పూర్తిగా వదలవు, రాసుకుంటూ వేడెక్కుతాయి.

కనుక సామాను కొనేముందు పాత సిలిండర్ లోపలి వ్యాసం కొలిచి రాసుకోండి. పైపుల మరలు అంగుళాలవో, మిల్లీమీటర్లవో చూడండి. గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్ వాడే బండిలో ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క కూడా పోయకూడదు. లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్మును గాలికొట్టి ఊదవద్దు. లైనుల్లోంచి గాలి పూర్తిగా తీశాక, జనం లేని మైదానంలో మెల్లగా నడిపి, బండి ఒకవైపు లాగుతోందేమో చూసి, ఆ తరువాతే రోడ్డెక్కండి.

బోల్టు సరిపోవడం కొలత; బండి ఆగడం లెక్క. కొలత కుదిరిందని లెక్క మానేస్తే దాని ఫలితం బండిలోని వారితో పాటు దారిన పోయేవారూ అనుభవించవలసి వస్తుంది.