చిట్టెలుకను పట్టుకోగలరా?

క్యాన్సర్ పరిశోధనలోకి వెళ్తామనే ఎమ్మెస్సీ పిల్లల్ని నేను ముందు అడిగేది ఇదే: చిట్టెలుకను చేత్తో పట్టుకోగలరా? చాలామంది నవ్వేస్తారు. నేను సరదాకి అడగను.

చర్మ క్యాన్సర్ ఎలా మొదలవుతుందో మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఎలుక వీపు మీద నేర్చుకున్నదే. ఏడెనిమిది వారాల ఎలుకకు వీపు మీది వెంట్రుకలు ట్రిమ్మర్‌తో తీసి, అసిటోన్‌లో కలిపిన డీఎంబీఏ అనే రసాయనం ఒక్కసారి పూస్తారు. కొన్ని కణాల్లో హెచ్‌రాస్ జన్యువు దెబ్బతింటుంది, పైకి ఏమీ కనిపించదు. ఆపైన టీపీఏ అనే ఇంకో రసాయనం వారానికి రెండుసార్లు, నెలల తరబడి పూస్తే పులిపిర్లలాంటి గడ్డలు లేస్తాయి. వాటిలో కొన్నే క్యాన్సర్‌గా ముదురుతాయి. మొదటిది విత్తనం, రెండోది నీరు. ఆ నీటిని ఆపగలమా అని చూడటమే నివారణ పరిశోధన. పసుపులోని కుర్కుమిన్‌ను టీపీఏతో పాటు పూస్తే గడ్డలు తగ్గాయని అమెరికాలో 1988లోనే చూపించారు. అలాగని పసుపు పూసుకుంటే క్యాన్సర్ రాదని వాట్సాప్‌లో పెట్టకండి. ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచేయాలని లేదు.

ఇక రోజువారీ పని. ప్రతి వారం గడ్డలు లెక్కపెట్టి రాయాలి. మగ ఎలుకలు కొట్టుకుని వీపు కొరుక్కుంటాయి, లెక్క పాడవుతుంది. అందుకే ఎక్కువగా ఆడవాటినే వాడతారు. సంక్రాంతికి ఊరెళ్లాలన్నా ఆ వారం పూత ఎవరు పూస్తారో చూసుకోవాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే ప్రయోగం మొదలుపెట్టకూడదు. చివర్లో ఆ ఎలుకల్ని నొప్పి తెలియకుండా చంపాల్సిందీ మీరే. ఇది ముందే తెలిసి రావాలి.

సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. జంతువుల మీద పరిశోధనకు హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ చదివినవాళ్లకూ దారి ఉంది. నన్నడిగితే వెటర్నరీ పిల్లలు ఇటు చూడకపోవడమే పొరపాటు: ఆ గడ్డ మామూలుదా, క్యాన్సరా అని స్లైడ్ చూసి తేల్చేది పాథాలజీ తెలిసినవాళ్లే.

ఎలుకల పని మనసొప్పకపోతే సిగ్గుపడక్కర్లేదు. సెల్ కల్చర్, డేటా విశ్లేషణ ఉన్నాయి. ఏదైనా సరే, దరఖాస్తు నింపే ముందు తెలిసినవారిని బతిమాలి ఒక్కరోజు యానిమల్ హౌస్‌లో ఉండి రండి.